రెండు గ్లాసులు, రెండు తూనికరాళ్లు: వ్యాపారికి గిరాకీని ఎంచుకునే స్వేచ్ఛ – ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతము

దక్షిణ తెలంగాణలోని ఒక మండల కేంద్రములో, బస్టాండు ఎదుట చాయ్ హోటలు నడిపిన ఒక యజమాని చాలా సంవత్సరాల క్రితము మాతో అన్న మాట ఇంకా మా చెవులలో ఉంది. ఆ హోటలులో గ్లాసులు రెండు చోట్ల ఉండేవి. లోపల బల్లమీద కొన్ని, బయట గోడగూటిలో కొన్ని. మా సంఘస్థులు గూటిలోని గ్లాసు తీసుకొని, చాయ్ పోయించుకొని, బయట నిలబడి తాగి, తామే కడిగి మళ్ళీ అక్కడే బోర్లించేవారు. ధర మాత్రము అందరికీ ఒకటే. కాపరిగా కొత్తగా వచ్చిన మేము దీని గురించి అడిగితే అతడు కోపపడలేదు. "పాస్టరు గారూ, హోటలు నాది, పాలు నావి, పొయ్యి నాది. ఎవరికి ఏ గ్లాసుల పొయ్యాల్నో నా ఇష్టము కాదా?" అన్నాడు. కొంతసేపటికి గొంతు తగ్గించి, "నాకేం పట్టింపు లేదు సార్. వాళ్లను లోపల కూసోబెడితే రేపటినుంచి ఊరోళ్లు నా హోటలు గడప తొక్కరు" అన్నాడు.

మొదటి మాట స్వేచ్ఛను గూర్చిన వాదన. రెండవ మాట, ఆ స్వేచ్ఛ తనకు లేదన్న ఒప్పుకోలు. ఈ వ్యాసములో మేము ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించదలచాము. వ్యాపారి తన గిరాకీని ఎంచుకోవచ్చునా అన్న ప్రశ్న పాశ్చాత్య దేశాలలో చాలాకాలముగా నలుగుతూ ఉంది. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో, అనగా 2016, 2019 సంవత్సరాల విభజనల తరువాత ప్రధానముగా ఎనిమిది జిల్లాలైన ఈ మెట్ట ప్రాంతములో, పరిచర్య చేసేవారికి అది చాయ్ గ్లాసులోనూ, మంగలి షాపులోనూ, అద్దె ఇంటి గుమ్మములోనూ ఎదురవుతుంది.

స్వేచ్ఛ పక్షమున ఉన్న వాదన

ఈ వాదనను తేలికగా కొట్టివేయకూడదు. మన రాజ్యాంగము 19(1)(జి) అధికరణములో ప్రతి పౌరునికి వృత్తి, వ్యాపార స్వేచ్ఛను ఇచ్చింది. ఏ సరుకు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, ఎన్నింటికి తలుపు తీయాలి, అరువు ఇవ్వాలా వద్దా అన్నవి సాధారణముగా వ్యాపారి నిర్ణయాలే. తాగివచ్చి గొడవచేసేవానిని బయటకు పంపవచ్చు. బాకీ తీర్చనివానికి సరుకు ఆపవచ్చు.

అంతకన్నా బలమైన కారణము మన చరిత్రలోనే ఉంది. బలవంతపు సేవ అంటే ఏమిటో నల్లగొండ ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. నిజాము కాలములో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు దొరల గడీలకు, ఊరికి వచ్చిన అధికారులకు వెట్టి చేశారు. గ్రామములోని కోమటి వ్యాపారులు కూడా అడిగిన సరుకు అడిగినట్టు పంపవలసి వచ్చేది. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణము. కాబట్టి, "ఎవరికి సేవ చేయాలో సర్కారు చెప్పడమంటే వెట్టిని మళ్ళీ తేవడము కాదా?" అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత మనపై ఉంది.

జవాబు ఇది. వెట్టిలో కూలి లేదు. పనిని మనిషి ఎంచుకోలేదు, పుట్టుక ఎంచింది. ఆ సేవ పొందినవాడు దొర. చాయ్ హోటలు యజమానిని చట్టము అడిగేది వేరు. వ్యాపారము అతడే ఎంచుకున్నాడు. ధర అతడే పెట్టాడు. ఆ ధర చేతబట్టుకొని వచ్చినవానికి, పక్కవానికి ఇచ్చినట్టే ఇమ్మని మాత్రమే చట్టము కోరుతుంది. పైగా గూటిలో గ్లాసు వెదుక్కునేవాడు ఎవరు? నిన్న గడీలో వెట్టి చేసినవారి మనుమడే. తాతకు కాదనే హక్కు లేదు. మనుమనికి అడిగే హక్కు లేదు. ఈ రెండూ ఒకే వ్యవస్థకు రెండు ముఖాలు.

చట్టము చెప్పుచున్నది

మన ప్రాంతములో ఈ విషయముపై చట్టము రాజ్యాంగముకన్నా ముందే వచ్చింది. మద్రాసు రాష్ట్రములో 1938లోనూ, హైదరాబాదు సంస్థానములో 1358 ఫసలీలోనూ (1948-49) సాంఘిక అనర్హతలను తొలగించే శాసనాలు చేశారు. తరువాత రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనాన్ని రద్దుచేసింది. 15(2) అధికరణము మతము, జాతి, కులము, లింగము, పుట్టిన స్థలము అనే కారణాలచేత మాత్రమే ఎవరినీ దుకాణాలకు, హోటళ్లకు, వినోద స్థలాలకు రాకుండా చేయరాదన్నది. ప్రభుత్వముపైనే కాక, సాటి పౌరులపై కూడా ఈ ఆజ్ఞ ఉండటము గమనించవలసిన సంగతి.

"దుకాణము" అంటే ఎంతవరకు? రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న ఈ ప్రశ్న వచ్చినప్పుడు డాక్టరు అంబేద్కరు ఆ మాటను విశాలమైన అర్థములో వాడామని వివరించారు. వచ్చిన ఎవరికైనా తన సేవను అందించుటకు సిద్ధపడి కూర్చున్న ప్రతివాని స్థలమూ దానిలోకి వస్తుందన్నది ఆయన భావము. లోపలికి అడుగు పెట్టనిస్తే చాలదు, సేవ కూడా అందాలి. సుప్రీంకోర్టు 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో ఈ వివరణనే ఆధారము చేసుకొని ప్రైవేటు విద్యాసంస్థలు సైతము 15(2) పరిధిలోకి వస్తాయని చెప్పింది.

1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టము 1976 సవరణతో పౌరహక్కుల పరిరక్షణ చట్టముగా మారింది. దాని 4వ సెక్షను హోటలు ప్రవేశాన్నే కాక, అక్కడ అందరికొరకు ఉంచిన పాత్రల వాడకాన్ని కూడా ప్రస్తావిస్తుంది. 6వ సెక్షను ఇంకా సూటిగా ఉంటుంది. ఇతరులకు ఏ సమయములో, ఏ స్థలములో, ఏ షరతులపై సరుకు అమ్ముతారో, సేవ చేస్తారో, అదే సమయములో, అదే స్థలములో, అవే షరతులపై అంటరానితనము కారణముగా నిరాకరించడము నేరము. శిక్ష నెలకు తగ్గకుండా ఆరు నెలల వరకు జైలు, దానితోపాటు జరిమానా. నేరము రుజువైతే లైసెన్సు రద్దుచేయవచ్చని 8వ సెక్షను చెబుతుంది. ధర ఒకటే అయినంతమాత్రాన న్యాయము జరిగినట్టు కాదని దీనివలన తెలుస్తుంది. స్థలము, సమయము, పాత్ర కూడా ఒకటి కావాలి.

అయితే చట్టము పుస్తకములో ఉండటము వేరు, గూటిలోని గ్లాసు కదలటము వేరు. 11 రాష్ట్రాలలోని 565 గ్రామాలను పరిశీలించి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనము హోటళ్లలో వేరు పాత్రలను, మంగలి, చాకలి సేవల నిరాకరణను నమోదు చేసింది. ఆ 11 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మన జిల్లాలలో కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘము వంటి సంస్థలు రెండు గ్లాసుల పద్ధతిపై ఊరూరా ఉద్యమించాయి. జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫార్సుల తరువాత నెలనెలా 30వ తేదీన గ్రామాలలో పౌరహక్కుల దినము జరపడము, అధికారులు అందరితో కలసి భోజనము చేయడము ఆనవాయితీ అయింది. వీటివలన చాలా చోట్ల గూటి గ్లాసులు పోయాయి. వాటి స్థానములో ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. అందరికీ ప్లాస్టిక్ గ్లాసే ఇస్తే అది శుభ్రత. కొందరికి గాజు గ్లాసు, కొందరికి పారవేసే గ్లాసు ఇస్తే అది పాత గూడే, గోడనుండి చెత్తబుట్టకు దిగింది.

ఎంపిక ఎవరిది?

హోటలు యజమాని రెండవ మాటకు ఇప్పుడు వద్దాము. మా పరిచర్యలో గమనించినంతవరకు, నిరాకరించే వ్యాపారి తన మనస్సాక్షిని బట్టి నిరాకరించడము అరుదు. అతడు ఊరికి భయపడుతున్నాడు. మంగలి షాపు నడిపేవాని సంగతి మరీ కష్టము. అతడూ వెనుకబడిన కులస్థుడే. దళితునికి క్షవరము చేస్తే భూమిగలవారు తనవద్దకు రారేమో, పెళ్లికి, చావుకు పిలవరేమో అని అతని దిగులు. దళితులు కూలి పెంచమన్నప్పుడో, జాతరలో డప్పు కొట్టమన్నప్పుడో, కులపెద్దలు కూర్చొని "వీళ్లకు కిరాణము ఇవ్వొద్దు, ఆటో ఎక్కించొద్దు" అని కట్టుబాటు చేస్తారు. కాదన్న వ్యాపారికి జరిమానా వేస్తారు. అలాంటి చోట గిరాకీని ఎంచుకున్నది వ్యాపారి అని ఎట్లా అనగలము?

2015లో సవరించి, 2016 జనవరి 26 నుండి అమలులోకి తెచ్చిన షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టము సాంఘిక, ఆర్థిక బహిష్కరణలను ప్రత్యేక నేరాలుగా చేర్చింది. ఈ చట్టమును దళితులకు రక్షణగా మాత్రమే చూడటము సగము చూపు. "నాకు ఇష్టమే, కాని చట్టము ఊరుకోదు" అని ఊరికి చెప్పగలిగే ఒక సాకును అది వ్యాపారికి కూడా ఇస్తున్నది. చట్టము అతని స్వేచ్ఛను తీసుకుందని కొందరు అంటారు. మాకు తోచినంతలో, ఊరు తీసుకున్న స్వేచ్ఛను చట్టము అతనికి తిరిగి ఇచ్చింది.

ఒక పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. మన పాలమూరు కూలీలు తరతరాలుగా హైదరాబాదుకు, బొంబాయికి మట్టిపనికి, కట్టడపు పనికి వలసపోయినవారు. వారే హైదరాబాదులో ఇరానీ హోటలుకు వెళ్లి, అందరితోపాటు బల్లముందు కూర్చొని, అందరూ తాగిన కప్పులోనే చాయ్ తాగారు. అక్కడ ఎవరి వ్యాపారమూ చెడలేదు. ఊరికి తిరిగివచ్చి బస్సు దిగగానే అదే మనిషి బయట నిలబడాలి. నగరములో ఏ హోటలువానికీ తాను ఒక్కడే అందరినీ కూర్చోబెడుతున్నానన్న భయము లేదు. అందరికీ ఒకే నియమము ఉన్నప్పుడు మంచివాడు నష్టపోడు.

ఇతర దేశాల అనుభవము

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇదే వాదన జరిగింది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో పట్టణములో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణములో సరుకులు కొని, అక్కడే ఉన్న ఫలహారపు బల్ల దగ్గర కాఫీ అడిగి, ఇవ్వకపోయినా లేవకుండా కూర్చున్నారు. వారి డబ్బు ఒక కౌంటరులో చెల్లింది, రెండవదానిలో చెల్లలేదు. 1964 పౌరహక్కుల చట్టము అలాంటి నిరాకరణను నిషేధించింది. వెంటనే అట్లాంటాలోని ఒక మోటెలు యజమాని కోర్టుకు వెళ్లి, తనకు ఇష్టములేనివారికి గది ఇమ్మనడము తనను బానిసగా చేయడమే అని వాదించాడు. మన వెట్టి ప్రశ్నే! అదే సంవత్సరములో అమెరికా సుప్రీంకోర్టు దానిని తిరస్కరించింది. సౌత్ కరోలినాలో ఒక హోటళ్ల యజమాని తన మతవిశ్వాసమే నల్లవారికి సేవ చేయకుండా ఆపుతున్నదన్నాడు. 1968లో ఆ వాదన కూడా నిలువలేదు. బైబిలును చేతబట్టుకొని ఆ మాట అన్నవాడు క్రైస్తవుడే అన్న సంగతి మనము మరువరాదు.

2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు వేరు. బెల్ఫాస్టులోని ఒక క్రైస్తవ కుటుంబపు బేకరీ స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదము రాసిన కేకును చేయనన్నది. ఆ నినాదముతో కేకు ఎవరు అడిగినా వారు చేసేవారు కారు. అడిగిన మనిషిని బట్టి వారు నిరాకరించలేదు అని కోర్టు బేకరీ పక్షాన తీర్పు చెప్పింది. మనకు పనికివచ్చే కొలబద్ద ఇందులో దొరుకుతుంది. క్రైస్తవ ప్రింటింగ్ ప్రెస్సువాడు దైవదూషణ కరపత్రాన్ని అచ్చువేయనని చెప్పవచ్చు, అది ఎవరు తెచ్చినా. కాని ఒక మనిషి పెళ్లిపత్రికను, ఆ మనిషి ఫలానావాడైనందుకు వేయననకూడదు. పనిని కాదనడము మనస్సాక్షి. మనిషిని కాదనడము పక్షపాతము. కొన్ని సందర్భాలలో ఈ గీత ఎక్కడ పడుతుందో చెప్పడము కష్టమే. గ్లాసు చాయ్ విషయములో ఆ కష్టము లేదు. చాయ్ ఏ నినాదమూ పలకదు.

వాక్య పరిశీలన

లేఖనము ఈ విషయమును బజారులోనుండే మొదలుపెడుతుంది. ద్వితీయోపదేశకాండము 25:13-16, సామెతలు 20:10 సంచిలో రెండు రకాల తూనికరాళ్లను, ఇంటిలో రెండు రకాల కొలపాత్రలను ఉంచుకోవడాన్ని యెహోవాకు హేయమైనదిగా చెబుతాయి. రెండు రాళ్లు ఎందుకు? ఒకటి ఒకరికి, రెండవది మరొకరికి. తూకములో మోసము మాత్రమే ఇక్కడి పాపము అనుకుంటే సరిపోదు. వచ్చిన మనిషిని చూచి కొలతను మార్చడము దాని వేరు. ఆ వేరునుండి చూస్తే రెండు గ్లాసులు కూడా రెండు తూనికరాళ్లే. సరుకు సమానముగా తూచి, మనిషిని తక్కువగా తూచడము కూడా దొంగ తూకమే.

యోహాను 4వ అధ్యాయము మరింత దగ్గరగా వస్తుంది. 9వ వచనములో మన తెలుగు బైబిలు సాంగత్యము అన్న అర్థములో అనువదించిన గ్రీకు క్రియకు, కలసి వాడుకొనుట అనే అర్థము కూడా ఉంది. యూదులు సమరయులతో పాత్రలు కలిపి వాడరన్నది ఇక్కడి భావమని డేవిడ్ డౌబే అనే పండితుడు 1950లో వాదించాడు. కొన్ని ఆధునిక అనువాదాలు ఈ అర్థమును పాదసూచికలో ఇస్తున్నాయి. ఈ వివరణ మన గ్రామీణ విశ్వాసికి వెంటనే అర్థమవుతుంది. యేసు దగ్గర చేదుకొనుటకు ఏమీ లేదు. ఆయన తాగవలసింది ఆమె కుండలోని నీళ్లే. ఆ స్త్రీ ఆశ్చర్యపడింది ఆయన దాహమునకు కాదు, ఆయన ఆమె పాత్రను అడిగినందుకు.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలసి భోజనము చేస్తూ, యాకోబు దగ్గరనుండి కొందరు రాగానే వెనుకకు తీసుకున్నాడు (గలతీ 2:11-14). పౌలు ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడు. పేతురు నమ్మకము మారలేదు, భయము అతనిని మార్చింది. మా హోటలు యజమాని రెండవ మాట ఇదే కదా! యాకోబు పత్రిక 2వ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకున్నవానికి మంచి స్థలము, దరిద్రునికి నిలబడే చోటు చూపించిన సభ కూడా ఇలాంటిదే. ఇక ప్రకటన 13:17లో, ముద్ర లేనివారికి కొనుటకు, అమ్ముటకు వీలులేకుండా చేసేది మృగము. బజారునుండి మనిషిని వెలివేయడము ఎవరి పనో లేఖనము దాచలేదు.

మన సంఘమునకు ప్రశ్నలు

ఇంతవరకు చెప్పినది వినుటకు మన సంఘాలకు ఇంపుగానే ఉంటుంది, ఎందుకంటే నల్లగొండలో బాప్టిస్టు మిషనరీలు, నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండలలో మెన్నొనైటు బ్రదరెన్ మిషనరీలు నాటిన సంఘాలలో అధికులు బయట నిలబడి చాయ్ తాగినవారి సంతానమే. చట్టము విషయములో మన నష్టము కూడా నిజమైనదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవ్యము స్వీకరించిన దళితుడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కకు రాడు. మన రాష్ట్రాలలో అతనిని బి.సి.-సి గా పరిగణిస్తారు. అత్యాచారాల నిరోధక చట్టమును అలాంటివారు ఆశ్రయించలేరని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక కాపరి కేసులో తీర్పిచ్చింది. గ్లాసు గూటిలో పెట్టేవాడు మాత్రము బాప్తిస్మపు పత్రము చూడడు.

అయినను ప్రశ్న మనవైపు కూడా తిరగాలి. నేడు మన విశ్వాసులలో కిరాణము, సెలూను, టైలరింగు షాపు, ప్రైవేటు బడి నడిపేవారు ఉన్నారు. పట్టణములో ఇల్లు కట్టి అద్దెకు ఇచ్చేవారు ఉన్నారు. ముస్లిము కుటుంబము ఇల్లు అడిగితే మనము ఏమంటున్నాము? డక్కలి కుటుంబము మన విశ్వాసి కొట్టుకు వస్తే ఏ గ్లాసులో నీళ్లు ఇస్తున్నాము? ఒకే గ్రామములో మాల సంఘము, మాదిగ సంఘము అని వేరుగా కూడుకునే చోట ప్రభువు బల్ల ఒకటా, రెండా? 1 కొరింథీ 11వ అధ్యాయములో పౌలు గద్దించినది ఒకే బల్లయొద్ద రెండు భోజనాలు చేసినవారినే.

ముగింపు

చట్టము చేయలేనిది కూడా ఒకటి ఉంది. మా సంఘములోని ఒక యౌవనుడు హైదరాబాదులో కొన్ని సంవత్సరాలు పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో తన ఊరి బస్సు స్టేజీ దగ్గర చాయ్ కొట్టు పెట్టాడు. అందరికీ ఒకటే రకము గ్లాసులు. నెలలు గడిచినా పేటవారు తప్ప ఎవరూ రాలేదు. "అయ్యగారూ, అమ్మనంటే కేసు ఉంది. కొననంటే కేసు ఉందా?" అని అతడు మమ్మును అడిగాడు. లేదు. అమ్మేవానిని చట్టము కట్టగలదు. కొనేవాని నోటికి గ్లాసు అందించలేదు. అక్కడ చట్టము ఆగిపోతుంది, సంఘము పని మొదలవుతుంది. మేము అతనికి చెప్పగలిగింది తక్కువ. కాని ఆ వారమునుండి మా పెద్దల కూటము పాస్టరేటు ఇంటిలో గాక అతని కొట్టు ముందు బెంచీమీద జరిగింది. తరువాత బడిపంతులు ఒకరు, బస్సు కండక్టరు ఒకరు ఆగి తాగారు. ఊరంతా మారిందని చెప్పము. కొట్టు మాత్రము నిలిచింది.

కాబట్టి మేము చెప్పదలచినది ఇది. వ్యాపారి తన సరుకును, ధరను, పనిగంటలను ఎంచుకొనవచ్చు. తన మనస్సాక్షికి విరుద్ధమైన పనిని ఎవరు అడిగినా కాదనవచ్చు. తలుపు తీసి అందరికొరకు కూర్చున్న తరువాత, వచ్చిన చెయ్యి ఎవరిదో చూచి గ్లాసు మార్చే స్వేచ్ఛ అతనికి లేదు. మన గ్రామాలలో అలాంటి స్వేచ్ఛ పేరిట నడుస్తున్నది చాలావరకు భయమే. కాపరులముగా మనము వచ్చే ఆదివారము ప్రసంగించుటకు ముందు చేయగల పని ఒకటి ఉంది: మన ఊరి హోటలుకు వెళ్లి, మన సంఘస్థునితో కలసి లోపల కూర్చొని, రెండు చాయ్‌లు అడగడము. ఏ గ్లాసులలో వస్తాయో చూచి, ప్రసంగము అక్కడనుండి మొదలుపెడదాము.